పుల్ల మజ్జిగ చల్లింది నేనే

పదకొండేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఎవరూ నా నెత్తిన పెట్టింది కాదు, నేనే ఎత్తుకున్నది. ఇన్నేళ్ళూ ఎందుకు దించలేదు? భయమా? మొదట్లో భయమే. తర్వాత అది సిగ్గయింది. ఇప్పుడేమిటో నాకే తెలియదు. మీరెవరో నేనెరగను, నేనెవరో మీరెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను తమిళనాడులో, తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే దారిలో ఒక నర్సరీలో పని చేసేదాన్ని. మాది పాండూరు. నాన్న వంకాయ నారు పోసి అమ్మేవాడు. నారుమడికి ఏ తెగులొస్తే ఏం చల్లాలో చిన్నప్పటి నుంచి చూసిన పిల్లని, నాకు తెలియని మొక్క ఉంటుందా అనే పొగరుతోనే ఆ నర్సరీలో చేరాను. తొట్లకు తమిళంలో పేర్ల చీటీలు రాయడం, మందులు కొట్టడం, వచ్చినవాళ్ళకు మొక్కలు చూపించడం నా పని. నీళ్ళ పని మునెమ్మక్కది. యాభై దాటిన మనిషి. ఆమె నీళ్ళు పోస్తే ఆకు మీద మట్టి చుక్క పడేది కాదు. నేను అన్నం తెచ్చుకోని రోజున అడక్కుండానే తన డబ్బాలో సగం నా ముందు పెట్టేది.

ఆ ఏడు యజమాని పురుగుల్ని తినే మొక్కలు తెప్పించాడు. ఆయన్ని అందరం అన్న అనే పిలిచేవాళ్ళం. కూజాల్లాంటివి కొన్ని, ఈగ వాలితే నోరు మూసుకునేవి కొన్ని. వాటి తిక్క వాటిది. సారం లేని నాచుమట్టిలోనే బతుకుతాయి, ఎరువు తగిలితే చస్తాయి. మా బోరు నీళ్ళు ఉప్పన, అవీ పడవు. షెడ్డు రేకుల మీది వాన నీళ్ళు ఒక డ్రమ్ములోకి పట్టి, అవే తొట్ల కింది ట్రేలలో పోయాలి. బోరు నీళ్ళ డ్రమ్మూ ఆ పక్కనే ఉండేది. రెండూ నీలం రంగువే.

ఐప్పసి నెల వచ్చింది, దీపావళి వానలు పట్టాయి. జల్లు కొట్టకుండా చుట్టూ టార్పాలిన్ పట్టాలు దించాం, లోపల గాలి ఆడలేదు. తొట్లలో మట్టి మీద తెల్లగా దూదిలాంటి బూజు లేచింది. చెంచాతో పై పొర గీకి పారేయమని, మధ్యాహ్నం పట్టాలు ఎత్తి గాలి తగలనివ్వమని, ట్రేలో నీళ్ళు తగ్గించమని అన్న చెప్పాడు. ఇంకేమీ చల్లొద్దని రెండుసార్లు చెప్పాడు. గీకాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ గీకాను, మళ్ళీ వచ్చింది. నాకు రోషమొచ్చింది. చెంచాతో గీకడం కూడా ఒక వైద్యమేనా? మా నాన్న అయితే ఏం చేసేవాడు?

ఇంట్లో నాలుగు రోజులు పులియబెట్టిన మజ్జిగ వడకట్టి సీసాలో పోసుకున్నాను. పొయ్యి బూడిద జల్లించి పొట్లం కట్టుకున్నాను. అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ప్రతి తొట్టిలోనూ మజ్జిగ చల్లి, పైన బూడిద రాల్చాను. వంకాయ నారుకి మా ఇంట్లో చేసేది అదే. మూడో రోజుకి బూజు లేదు. నా చెయ్యి మంచిదని అన్న నలుగురిలో మెచ్చుకున్నాడు. నిజం చెప్పడానికి అంతకంటే సులువైన క్షణం మళ్ళీ రాలేదు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మెప్పు నాకు అంత తియ్యగా ఉండింది.

మూడు వారాల్లో కూజాలు ఎండాయి. నోళ్ళు నల్లబడి మూతపడ్డాయి. ఒకటి పెకలించి చూస్తే వేరు కుళ్ళిపోయి ఉంది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? పైన మిగిలిన బూడిదను చెంచాతో గీకేశాను. అన్న మొదట చెప్పిన పని అదే కదా, ఎవరికి అనుమానం వస్తుంది?

ఉప్పు నీళ్ళు తగిలితేనే ఇట్లా అవుతుందని అన్న తేల్చాడు. మునెమ్మక్కను పిలిచాడు.

"యాడ పట్టినావక్కా నీళ్ళు? బోరు డ్రమ్ములోనా?"

"లేదు నాయనా, వాన నీళ్ళే పోసినాను." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు పక్కనే ఉండావు గదా పాపా. దినామూ చూసినావు గదా. చెప్పు అన్నకి."

"నేను గమనించలేదక్కా," అన్నాను.

ఆమె నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. నేనూ ఎదురు తిరిగి, మాటా మాటా పెరిగి, ఆ గొడవలో ఎక్కడో నిజం బయటపడేదేమో. ఆమె తిట్టలేదు. రెండు డ్రమ్ముల వైపు చూసింది.

"ఏమో నాయనా. రెండూ ఒకే మాదిరి ఉండాయి. పోయినేడే కంటికి ఆపరేషన్ చేసినారు. నేనే తప్పుగా ముంచినానేమో."

అన్న ఆమెను పనిలోంచి తీసెయ్యలేదు. కలుపు తీసే పనికి మార్చాడు. వారం తిరక్కుండా ఆమే రావడం మానేసింది. నేను అబద్ధమాడి ఆమె పని పోగొట్టానని మాత్రమే అనుకుంటే, ఇన్నేళ్ళలో ఎలాగో సర్దుకునేదాన్నేమో. పక్కనే ఉన్న నేనే అవుననకపోతే తప్పు తనదేనని ఆమె నమ్మింది. తన కళ్ళనీ, ముప్పై ఏళ్ళు నీళ్ళు మోసిన తన చేతుల్నీ కాదని, నన్ను నమ్మింది. నేను ఆమెకంత దగ్గరి మనిషినా?

పోయిన నెల ఆర్.కె.పేటలో మా బంధువుల బిడ్డకు చెవులు కుట్టించారు. వంటవాళ్ళ వెంట వచ్చిన మునెమ్మక్క వడ్డనలో ఉంది. ఎవరో ఆమె చేతికి నీళ్ళ జగ్గు ఇవ్వబోతే తీసుకోలేదు. "నీళ్ళ పని నాకియ్యొద్దు తల్లీ, నీళ్ళు పోసి చెట్లను సంపినదాన్ని నేను" అంది నవ్వుతూ. పంక్తిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆమె నన్ను గుర్తుపట్టి, చిక్కిపోయావని, నా ఆకులో ఇంకో గరిటె పాయసం వేసింది. అదంతా తిన్నాను. పక్కకు పిలిచి చెప్పడానికి ఎన్నిసార్లు వీలు దొరికిందో లెక్కపెడుతూ తిన్నాను. చెప్పకుండానే బస్సెక్కాను.

ఇప్పుడిది తెలుగులో రాస్తున్నాను. మునెమ్మక్కకు ఏ అక్షరాలూ రావు. ఆమె మనవలు చదివేది తమిళం. అంటే ఆమెకు చేరని చోటు వెతుక్కుని మరీ ఒప్పుకుంటున్నానా? అవును. అదీ ఒప్పుకుంటున్నాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎవరికి చెబితే పోతుందో తెలిసి కూడా మీకు చెబుతున్నాను, కాబట్టి నాది పోదు.

అయినా ఆ రోజు అన్న ముందు నా నోట రాని మాటను ఒక్కసారి రాసుకోనివ్వండి. అక్క వాన నీళ్ళే పోసింది. దినామూ అవే పోసింది. నేను చూశాను. మొక్కల్ని చంపింది నేను.

రాశాక గుండె తేలికపడింది. ఆ తేలిక దక్కాల్సింది మునెమ్మక్కకు.