ఒరుగులు కొరికి చూసే పళ్లు

నిన్న మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు కూరగాయల ఒరుగులు పెట్టడం నేర్పించారండోయ్! చేతులకు గ్లౌజులు, నాలుగు వంకాయ ముక్కలు, నలభై ఫోటోలు. పావుగంట ఎండ తగలగానే “అయిపోయింది” అనేసింది టీచరమ్మ.

మన అవ్వలు గుర్తున్నారా దోస్తులారా? యరగేర ఊరి నుంచి వచ్చిన వంకాయలు కోసి, ఉప్పు పట్టించి, మిద్దె మీద పాత చీరపై ఆరబోసేది మా అవ్వ. ఆమెకు పళ్లు లేవు. అవి ఎండాయో లేదో తేల్చాల్సింది నా పాలపళ్లే.

“కొరికి చూడు బిడ్డా, ఎట్లున్నది?”

“మెత్తగున్నదవ్వా.”

“అయితే ఇంకో ఎండ కావాలె.”

నిన్న టీచరమ్మ ముక్కలను డబ్బాలో సర్దుతుంటే, నా నోట అవ్వ ముచ్చట్లు వినే నా అయిదేళ్ల కూతురు ఒకటి తీసి కొరికింది.

“ఛీ, నోట్ల పెట్టొద్దు! అది ఫోటోకు!”

నా బిడ్డ నమిలి, తీరిగ్గా చెప్పింది: “ఇంకా ఎండలే మిస్. బూజు పడ్తది.”