మూడు రెండైన లెక్క

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు వేరు జిల్లాలైన తర్వాత రెండో వానాకాలంలో నన్ను యూనివర్సిటీ జన్యుశాస్త్ర విభాగంలోని నులిపురుగుల ప్రయోగశాలకు వేశారు. హోదా టెక్నికల్ అసిస్టెంట్. గాజు పళ్ళేలు కడగడం నుంచి లెక్కలు రాయడం దాకా అన్నీ మా పనే, పరిశోధన పత్రం మీద మాత్రం పేరుండదు. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. సగటు, విచలనం, సంభావ్యత పాత పుస్తకాలు కొనుక్కొని సొంతంగా నేర్చుకున్నాను. నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా నా ముఖ్యమైన పని ఒక్కటే, పురుగుల గుడ్లు లెక్కపెట్టడం.

ఈ పురుగు మన కడుపులో పెరిగే నులిపురుగుకు దూరపు చుట్టం. పొడవు ఒక మిల్లీమీటరు. కుళ్లిన పండ్లలో బాక్టీరియాను తిని బతుకుతుంది, ఎవరికీ హాని చేయదు. దాని కణాల్లో ఇరవై రెండు అక్షరాల పొడవుండే చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్కలు తిరుగుతుంటాయి. ఏదైనా జన్యువు పంపే సందేశంలో తమకు జోడీ కుదిరే భాగం కనిపిస్తే ఆ సందేశాన్ని నాశనం చేయిస్తాయి. జన్యువు ఉన్నచోటే ఉంటుంది, దాని మాట మాత్రం చెల్లదు.

పరీక్ష ఇలా చేసేవాళ్లం. గుడ్డు పిల్ల కావడానికి తప్పనిసరైన ఒక జన్యువును ఎంచుకుని, దానికి జోడీ కుదిరే ఆర్.ఎన్.ఏ. ఉన్న బాక్టీరియాను పురుగుకు మేతగా పెడతాం. మేత పనిచేస్తే గుడ్లు చచ్చిపోతాయి. ప్రయోగశాలల్లో తరతరాలుగా పెంచుతున్న రకంలో దాదాపు అన్నీ చచ్చేవి. మా జిల్లాల్లో కుళ్లిన పండ్ల నుంచి ఏరి తెచ్చిన రకాల్లో మూడింటిలో మాత్రం దాదాపు అన్నీ పిల్లలయ్యేవి. అంటే ఈ మూడింటిలో ఆ కట్టడి ఎక్కడో తెగిపోయింది.

ఒకటి మల్దకల్‌ది, ఒకటి వనపర్తి పక్క పల్లెది, ఒకటి తెలకపల్లిది. పరిశోధక విద్యార్థి వెంకటేశ్ థీసిస్ అంతా వీటి మీదే. మూడు చోట్ల మూడుసార్లు విడివిడిగా ఆ శక్తి పోయిందంటే, పరిణామంలో అది ఉత్త ప్రమాదం కాకపోవచ్చని వాదించడానికి వీలుంటుంది. ఆ అధ్యాయం రాయడం అయిపోయింది. అతని ఫెలోషిప్‌కు మిగిలింది ఆరు నెలలు.

లెక్కపెట్టేవాళ్లకు ఫలితం మీద ముందే ఆశ పుట్టకూడదని పళ్ళేల మీద ఊరి పేరు రాయరు, అంకె మాత్రమే వేస్తారు. ఆరు వారాల లెక్కల తర్వాత నాలుగో అంకె, పదకొండో అంకె నన్ను ఆపాయి. రెండూ రెండో రోజే ఎక్కువ గుడ్లు పెట్టి, నాలుగో రోజుకు మానేస్తున్నాయి. మొత్తం గుడ్ల సగటులో రెంటి మధ్య తేడా రెండు మూడుకు మించడం లేదు. మిగతా ఏ రకమూ అలా లేదు. వెంకటేశ్ అంకెలు విప్పితే అవి మల్దకల్, తెలకపల్లి. రెంటినీ జత కట్టించి చూడమన్నాను.

"అక్కా, నీ లెక్క నా మూడేండ్ల పని తీసేస్తదా ఏంది?" అన్నాడు.

తీసేయదు, తగ్గిస్తుందేమో అన్నాను. మూడో రోజు తనే వచ్చి, "మా అమ్మ గద్వాల చేన్లల్ల పత్తి పూలకు పుప్పొడి రుద్ది క్రాసింగ్ చేస్తది, నేను పురుగులకు చేస్త. తియ్ అక్కా, ఏమైతదో చూద్దాం" అన్నాడు. గైడ్ మేడం రెండు నెలలు గడువిచ్చారు.

జత కట్టించడంలో తర్కం సులువు. రెండు రకాల్లో చెడింది వేరు వేరు జన్యువులైతే, ఒకదానిలో లేనిది రెండోదాని నుంచి అందుతుంది. వాటి సంతానంలో మేత మళ్లీ పనిచేస్తుంది, గుడ్లు చస్తాయి. చెడింది ఒకే జన్యువైతే గుడ్లు పిల్లలవుతాయి. వనపర్తి రకాన్ని మిగతా రెంటిలో దేనితో కలిపినా గుడ్లు చచ్చాయి. మల్దకల్, తెలకపల్లి కలిస్తే మాత్రం పిల్లలయ్యాయి. తర్వాత ఆ జన్యువును చదివిస్తే రెంటిలోనూ ఒకే చోట అదే అక్షరం ఎగిరిపోయి ఉంది.

రోడ్డు మీద నూరు కిలోమీటర్లు దాటే దూరంలో ఉన్న రెండు ఊళ్లలో ఒకే పొరపాటు ఎలా వచ్చింది? పురుగులు ఏరిన చోట్ల వివరాలున్న రిజిస్టరు తీసుకుని వెంకటేశ్, నేను మల్దకల్ వెళ్లాం. మాకు పురుగు దొరికిన జామచెట్టు యజమాని తిమ్మప్ప నన్ను గుర్తుపట్టాడు. "మంచి కాయలు చెట్టుకుండంగ కుళ్లినయి ఏరుకపోయిన మేడం గదా. మళ్ల వచ్చినవా?" అని నవ్వాడు. చెట్టు ఎక్కడిదని అడిగితే ఆయన భార్య నాగమ్మ అందుకుంది.

"నాది. మా తెలకపల్లిది. ఈళ్ల ఊరి జామకాయ గడ్డి నమిలినట్లుంటుండె. మా అన్న శేషయ్య వాళ్లింటెనక మొక్క తవ్వి, ఏర్ల మట్టి రాలకుండ గోనెసంచి కట్టిచ్చిండు. ఒళ్లె పెట్టుకొని బస్సుల తెచ్చిన. బీచుపల్లి కాడ కండక్టరు దానికి గూడ టికెట్ కొడ్తనన్నడు."

"కొట్టినా బాగుండు. చెట్టు కాపుకొచ్చిన కాడికెల్లి పుట్టింటి ముచ్చట ఆపుతలేదు" అన్నాడు తిమ్మప్ప.

రిజిస్టరులో తెలకపల్లి పేజీ తిప్పాను. నా చేతిరాతే. శేషయ్య, ఇంటి వెనుక జామ. ఆ వేర్ల మట్టితోనే పురుగు కూడా బస్సెక్కి వచ్చింది. రెండు ఊళ్లలోనూ ఊరు, పేరు, పండు, తేదీ అడిగి రాసుకున్నది నేనే. చెట్టు ఎక్కడి నుంచి వచ్చిందని ఏ ఊళ్లోనూ అడగలేదు. తిరుగు ప్రయాణంలో ఆ తప్పు నాదని వెంకటేశ్‌తో చెప్పాను. అతను నాగమ్మ ఇచ్చిన జామకాయ కొరుకుతూ, ఆమె చెప్పింది నిజమే, కాయ తియ్యగా ఉందన్నాడు.

అధ్యాయం తిరగరాశాడు. మూడుసార్లు అన్నచోటల్లా రెండుసార్లు అయింది. వాదన బలం తగ్గింది కానీ నిలిచింది. మౌఖిక పరీక్షలో బయటి పరీక్షకుడు అడిగిన మొదటి ప్రశ్న, ఇవి వేరు వేరు సంఘటనలని మీకెలా తెలుసు అని. వెంకటేశ్ జత కట్టించిన పట్టిక చూపించాడు. ఆ ప్రశ్న మీద రెండో ప్రశ్న రాలేదు. ఫెలోషిప్ గడువుకు పదకొండు రోజుల ముందు అతనికి డాక్టరేట్ ఖాయమైంది.

లెక్కల్లో నేను తప్పు చేయలేదు, ఏది లెక్కపెడుతున్నామో చూసుకోవడంలో చేశాను. మేము స్థలాలను లెక్కపెట్టి, సంఘటనలను లెక్కపెట్టామనుకున్నాం. ఆ రెండూ వేరు.