ఒక్క జీపు మోసిన వడ్లు

2023 యాసంగి కోతలప్పుడు ఎల్లారెడ్డి వైపు ఒక రైస్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. కామారెడ్డిలో నాది చిన్న సాఫ్ట్‌వేర్ దుకాణం. క్లిప్పర్, ఫాక్స్‌ప్రో వంటి పాత డేటాబేస్ భాషల్లో రాసిన ప్రోగ్రాములకు వైద్యం చేస్తుంటాను. రోగులు ముసలివాళ్లే గానీ మొండివాళ్లు.

వడ్ల బండ్లు తూచే ఆ మిల్లు కాంటాకు ప్రోగ్రామ్ రాసింది నేనే. కొత్త కంప్యూటర్ మీద అది నడవలేదు. పట్నం నుంచి వచ్చిన కంపెనీ మనిషి ఆ భాష చచ్చిపోయిందని తేల్చేసి, తన సాఫ్ట్‌వేర్ పెట్టాడు. చాలా అందమైన సాఫ్ట్‌వేర్. బండి రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టనిదే బరువు తీసుకోదు. మా వైపు ట్రాలీల్లో చాలావాటికి నంబర్లే ఉండవని ఎవరినీ అడగాలనిపించలేదు కాబోలు.

కాంటా దగ్గర ఏళ్లుగా కూర్చుంటున్నది అనసూయ. బయట ట్రాక్టర్ల వరుస రోడ్డెక్కింది, పైన మబ్బు పట్టింది. నంబర్ లేని ప్రతి ట్రాలీకీ ఆమె ఎదురుగా నిలిపి ఉన్న మిల్లు యజమాని సేటు జీపు నంబర్ కొట్టింది. సాఫ్ట్‌వేర్ సంతోషించింది. వారం తిరిగేసరికి మిల్లుకొచ్చిన వడ్లలో సగం ఆ జీపే మోసినట్టు రిపోర్టు వచ్చింది. కంపెనీ మనిషి ఇది మోసమన్నాడు. సేటు అందరి ముందూ ఆమెను దొంగ అని, రేపటి నుంచి రావద్దన్నాడు.

ఆ ఫోన్ అందుకుని నేను వెళ్లేసరికి ఆమె టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటోంది.

"దొంగతనం జేసేదాన్నయితే సేటు జీపు నంబరే కొడ్తనా అన్నా?"

అదే మాట సేటును అడిగాను. ఆయన కంపెనీ మనిషిని చూశాడు. అతను తన ఫోన్ చూసుకున్నాడు.

నాకు కోపమొస్తే అరవను, పని చేస్తాను. మనం రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ఈ పాత భాషల కుటుంబానికి ఇప్పుడు కొత్త కంపైలర్లు ఉన్నాయి, అదీ ఉచితంగా. నా పాత సోర్స్ కోడ్‌ను అక్కడే వాటిలో ఒకదానికి అప్పగించాను. రెండు చోట్ల అలిగింది, సర్దిచెప్పాను. కాసేపటికి చచ్చిపోయిన భాష కొత్త కంప్యూటర్ మీద లేచి కూర్చుంది. నంబర్ లేకపోతే 'మల్లయ్య ఎర్ర ట్రాలీ' అని రాసినా అది ఒప్పుకుంటుంది.

"కూసో మరి అనసూయా," అన్నాడు సేటు, ఏమీ జరగనట్టు.

ఆమె కూర్చోలేదు. "దొంగ అన్నది అందరి ముంగట, సేటూ. కాదన్నది గూడ అందరి ముంగటనే చెప్పు."

సేటు గొణిగాడు. వినబడలేదని వరుసలోంచి ఒక ట్రాక్టరాయన ఇంజన్ ఆపాడు. అప్పుడు గట్టిగా చెప్పక తప్పలేదు.

ప్రోగ్రామ్ ఏ భాషలో ఉందన్న ప్రశ్న నేనిప్పుడు చివర అడుగుతాను. దాని తప్పును ఎవరి మెడకు చుట్టారన్నది ముందు అడుగుతాను.