ఇంటి వాడకం దగ్గర టిక్కు

మా ఆయన గురించి చెప్పమంటే ముందు ఆయన చెవి గురించి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఏ ఇంటికి వెళ్ళినా కూర్చోకుండా వాళ్ళ ఫ్రిజ్జు దగ్గర ఆగి చెవి ఒగ్గేవాడు. "ఇంకో నెలలో ఆగిపోతుంది, చూపించుకోండి" అనేవాడు. సరిగ్గా నెలకి ఆగిపోయేది. ఈ మనిషి నోటి వల్లే సామాన్లు పాడవుతున్నాయని మా పిన్ని ఆయన్ని వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు.

అంత చెవి ఉన్న మనిషి వారంటీ కంపెనీలో చేరాడు. షాపువాళ్ళిచ్చే ఏడాది వారంటీ అయిపోయాక, ముందే డబ్బు కట్టించుకుని ఇంకో నాలుగేళ్ళు భరోసా ఇచ్చే కంపెనీ అది. మొదట్లో ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఉండేది. తర్వాత అది తీసేసుకుని ఫోనిచ్చారు. బాగుచెయ్యడానికి వేరేవాళ్ళు వస్తారు. ఈయన వెళ్ళి చూసి, ఫొటోలు తీసి, ఎందుకు పాడైందో నొక్కి రావాలి. ఫోనులో కారణాలు మూడే. తయారీ లోపం, మామూలు అరుగుదల, వాడకంలో తప్పు. కంపెనీ ఖర్చు పెట్టుకునేది మొదటిదానికే. పదకొండేళ్ళలో ఆయన ఎక్కువగా నొక్కింది మూడోదే.

రోజుకి ఆరిళ్ళు. ఆరిళ్ళలోనూ ఎవరో ఒకరు అరుస్తారు, ఎవరో ఒకరు ఏడుస్తారు, ఒకావిడైతే చీపురు తిరగేసింది. మొదట్లో ఇంటికొచ్చి అన్నీ చెప్పేవాడు. తర్వాత చెప్పడం మానేశాడు. ఆ తర్వాత చెప్పడానికి ఆయన లోపల ఏమీ మిగల్లేదు, మొద్దుబారిపోయాడు. ఒకరోజు మాడిన కూర కూడా మాట్లాడకుండా తింటుంటే, "ఏంటండీ, నోరు విప్పరేం?" అని అడిగాను.

"వాడకంలో తప్పు" అన్నాడు.

నవ్వొచ్చింది. ఆ మాట వేళాకోళానికి అనలేదని రెండు ముద్దలయ్యాక అర్థమైంది.

ఇక మా అక్క సంగతి. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. బావ పోయాక ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఒక చిన్న ఆసుపత్రి దుప్పట్లు, దిండు గలీబులు ఉతికిచ్చే పని ఒప్పుకుంది. చేత్తో ఉతికి ఉతికి వేళ్ళు పగిలాక వాషింగ్ మిషన్ కొంటానంది. షాపుకి మా ఆయనే తీసుకెళ్ళాడు. "వారంటీ కట్టండి వదినా, ఐదేళ్ళు కాలు మీద కాలేసుకుని కూర్చోండి" అని కట్టించింది కూడా ఈయనే. ఫారం మా ఇంట్లో, మా బల్ల మీద ఈయనే నింపాడు. అందులో ఒక గడి ఉంటుంది: ఇంటి వాడకమా, వ్యాపారమా? మా ఆయన అడగనైనా అడక్కుండా ఇంటి వాడకం దగ్గర టిక్కు పెట్టేశాడు. తెలియక కాదు, ఆ మిషన్ కొన్నదే ఆసుపత్రి దుప్పట్ల కోసమని ఆయనకి తెలుసు. కానీ ఆ కంపెనీవాళ్ళు వందల ఫారాలు నింపుతారు, అన్నిటికీ అక్కడే టిక్కు పెడతారు. చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. అక్క పక్కనే కూర్చుని టీ తాగుతోంది. నేను చేటలో రాళ్ళేరుతున్నాను.

నాలుగో ఏడు మధ్యలో మిషన్ పిచ్చి కూత కూసింది. డ్రమ్ము తిరిగితే ఇల్లంతా అదిరేది. మూడో రోజు అసలు తిరగనే లేదు. ఆసుపత్రి మేట్రన్ వారం గడువిచ్చింది, ఆలోగా దుప్పట్లు ఎప్పటిలా రాకపోతే ఇంకొకళ్ళని చూసుకుంటానంది. అక్క కంపెనీకి ఫోన్ చేసింది. చూడ్డానికి ఎవరు వెళ్ళాలన్న లిస్టులో మా ఆయన పేరే వచ్చింది.

చుట్టాలని చెబితే వేరేవాళ్ళని పంపేవారు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత నిలదీస్తే, "నేనెళ్తే ఏదైనా చెయ్యగలనేమో అనుకున్నాను" అన్నాడు. ఆ ఒక్క ముక్క విన్నాక, మనిషి లోపల ఇంకా ఎక్కడో ఉన్నాడనిపించింది.

నేనూ వెంట వెళ్ళాను. అక్క మమ్మల్ని చూసి ముఖం చేటంత చేసుకుంది. "హమ్మయ్య, నువ్వొచ్చావా మరిదీ! ఇంక నాకు దిగుల్లేదు."

ఆయన చెవి ఒగ్గలేదు. రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకున్నాడు. అలా నొక్కితే మిషన్ పుట్టిన దగ్గర్నించి ఎన్నిసార్లు తిరిగిందో అంకె కనిపిస్తుందట. ఆ అంకె ఫొటో లేకుండా ఫోను ముందుకి పోనివ్వదు. నాలుగువేల రెండువందల పదకొండు. మామూలు ఇంట్లో అయితే అందులో నాలుగోవంతు కూడా ఉండదట. ఆయన ఫొటో తీశాడు. తర్వాత ఫోను బల్ల మీద పెట్టి, ఎర్ర చుక్క నొక్కి, నేను పదకొండేళ్ళుగా ఎప్పుడూ వినని గొంతుతో చదవడం మొదలుపెట్టాడు.

"ఈ సంభాషణ రికార్డవుతోంది మేడమ్. ఈ మిషన్‌ని మీరు దేనికి వాడుతున్నారు?"

మా అక్కని మేడమ్ అన్నాడు! స్వయానా వదినని! నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క ఒక్క క్షణం నాకేసి చూసి, కొంగు సర్దుకుని నిలబడింది.

"ఆసుపత్రి దుప్పట్లకి సార్. ఒక్క మరక ఉంచను."

"ఫారంలో ఇంటి వాడకం అని టిక్కు పెట్టింది ఎవరు మేడమ్?"

ఫారం కంపెనీ మనిషే తప్పుగా నింపాడని తేలితే తప్పు కంపెనీది, మిషన్ బాగుచేసి ఇచ్చి తీరాలి. నింపినవాడి ఉద్యోగం మాత్రం ఆ పూటతో సరి. కిందటేడు ఈయనతో పనిచేసే ఒకాయన అలాగే పోయాడు. ఆ కబురు అక్కకి మోసింది నేనే. అక్క బతుకు ఒక పక్క, మా ఇద్దరు పిల్లల చదువులు ఒక పక్క. మధ్యలో ఆ ఎర్ర చుక్క వెలిగి ఆరుతూ ఉంది. మా ఆయన అక్క ముఖంలోకి చూడలేదు, ఫోనుకేసే చూస్తున్నాడు. 'నేను' అని ఆయన అనొచ్చు. అంటాడేమోనని ఒక పక్క భయం, అనడేమోనని ఇంకో పక్క భయం, సిగ్గు విడిచి చెబుతున్నాను.

"నేనే పెట్టాను సార్" అంది అక్క.

ఆయన మూడోది నొక్కాడు. వాడకంలో తప్పు. అక్క ఫోను గాజు మీద వేలితో సంతకం చేసింది. మేం మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాం.

దారంతా నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "మీకు నోరు పడిపోయిందా? మనిషేనా మీరు?" అన్నాను. ఆయన బెల్లం కొట్టిన రాయిలా నడిచాడు. మలుపు దగ్గర మాత్రం, "ఇంకా రెండిళ్ళున్నాయి" అని అటు తిరిగి వెళ్ళిపోయాడు. అన్నానే గానీ, నేను మాత్రం ఏం తక్కువ? ఆ గదిలో నాకూ నోరుంది.

అక్క నాలుగు రోజులు చేత్తో ఉతికింది. ఐదో రోజు మేట్రన్ దుప్పట్లు ఇంకొకళ్ళకి అప్పజెప్పి, జాలిపడి దిండు గలీబులు మాత్రం ఉంచింది. వాటి మీద వచ్చేది సగం నెలకి కూడా చాలదు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఫోను నా చేతికిచ్చింది. "ఏదో వచ్చిందే, కళ్ళజోడు కనపడ్డం లేదు, చదువు."

మా మనిషి సేవ ఎలా ఉంది, నక్షత్రాలు ఇవ్వండి అని కంపెనీవాళ్ళ మెసేజి. "ఒకటిస్తాను ఉండు" అన్నాను.

"ఛ, ఐదు నొక్కు. తగ్గిస్తే మరిదిని పిలిచి అడుగుతారంట కదా."

నొక్కాను. నా వేలితోనే నొక్కాను.

వారం తర్వాత మా ఆయన అన్నం తింటూ ఫోను చూసి, "ఎవరో ఐదిచ్చారు" అన్నాడు. ఎవరిచ్చారో చెప్పాను. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. మళ్ళీ కలిపాడు. తిన్నాడు. కంచం కడిగాడు. ముఖంలో ఏమీ లేదు. ఆ ముఖం చూసి నాకే ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున చెప్పులేసుకుని ఎక్కడికో బయల్దేరాడు. వెనకాలే వెళ్ళాను. అక్క పెరట్లో పీట మీద కూర్చుని గలీబులు జాడిస్తోంది. ఓ మూలన ఆ మిషన్ గోనెపట్టా కప్పుకుని ఉంది.

"వదినా" అన్నాడు.

"ఓ, సారా! రండి" అంది తలెత్తకుండానే. ఎత్తిపొడుపు కాదు, మా అక్కకి ఎత్తిపొడవడం రాదు. నోటికి అలా వచ్చేసిందంతే.

ఆయన బకెట్ పక్కన కింద కూర్చున్నాడు. "ఒక్కసారి తిట్టండి వదినా."

అక్క జాడించడం ఆపింది. చేతులు తుడుచుకుంది. "ఇది కూడా రికార్డవుతోందా?"

ఆయన జేబులోంచి ఫోను తీసి, పూర్తిగా ఆపేసి, గట్టు మీద బోర్లా పెట్టాడు. "లేదు."

"అయితే చెప్తా విను. ఆ టిక్కు పెట్టింది నువ్వు."

"అవును వదినా. నేనే."

అంతే. అక్క బకెట్లోంచి తన ఇంటి దుప్పటి ఒకటి తీసి, ఒక కొస ఆయన చేతిలో పెట్టింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని పిండారు. ఏడ్చాడని చెప్పను, ఏడవలేదు. కానీ దుప్పట్లోంచి నీళ్ళు కారడం ఆగిపోయాక కూడా ఆయన ఆ కొస వదల్లేదు. అక్క కూడా వదలమని అనలేదు.