టైలరక్క కాలు, ఆపరేటర్ చెవి

టైలరక్కకి కాలు విరగలేదు. ఆ మాట ఆమే అందరికీ ముందుగా చెప్పేది. విరిగితే కట్టు కడతారు, నలుగురూ వచ్చి పలకరిస్తారు, ఎముక అతుక్కుంటుంది. ఆమెకి తెగింది కుడి చీలమండ దగ్గరి స్నాయువు, అదీ సగం. "పనిని సగంలో వదిలేసేవాళ్లంటే నాకు మొదట్నుంచీ పడదు. తెగేదేదో పూర్తిగా తెగొచ్చుగా" అని కొలతలివ్వడానికి వచ్చినవాళ్లతో అనేది.

పన్నెండు వారాలు పరుగు మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. నలభై ఆరేళ్ల వయసులో రోజూ తెల్లవారుతూనే ఐదు కిలోమీటర్లు పరుగెత్తే మనిషి ఆమె. ఇంకొకప్పుడైతే కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదే. ఇప్పుడు తిరగడానికి ఆ కాలే లేకపోయె. అయినా ఆమెను లోపల తొలిచేసింది కాలి నొప్పి కాదు, తమ్ముడు.

తమ్ముడికి పాతికేళ్లు దాటాక ఒక జబ్బులో చూపు పోయింది. ఒక పెద్ద ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్ పని చేస్తాడు. వీధిలో అందరికీ అతను ఆపరేటరే. అక్క ఇంటి మేడ మీద గదిలో ఉంటాడు, కింద ఆమె కుట్టు దుకాణం. ఆఫీసు, గది, గది, ఆఫీసు అన్నట్టుండేవాడు. రెండేళ్ల కిందట ఒకరోజు ఆమె ఓ మూరెడు నాడాకి రెండు చివరలా ఉచ్చులు కుట్టి, ఒకటి అతని చేతికి, ఒకటి తన చేతికి తగిలించి, పార్కుకి లాక్కుపోయింది. మొదటి వారమంతా ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ నడిచారు. మూడో నెలకి తిట్టుకోవడానికి ఊపిరి చాలనంత వేగంగా పరుగెత్తారు. గదిలో ముడుచుకుని కూర్చునే మనిషి వీధిలోకి వచ్చి నవ్వడం మొదలుపెట్టాడు.

పరుగులో దారంతా ఆమె నోటితోనే. ఎడమ, కుడి, మెట్టు, గతుకు. ముందు దారి ఖాళీగా ఉంటే సాగు. అడ్డుంటే ఆగు. సాగు అన్నది ఆమె మిషన్ ముందు పుట్టిన మాట. ఈ గుడ్డ సాగుతుంది, ఇది సాగదు, ఉతికాక ఎంత సాగుతుందో చూసి కుడదాం అని రోజంతా అనే నోరు మరి. పార్కులోనూ అదే వచ్చింది. ఆ రెండు మాటలూ అన్నదమ్ముల్లా ఒకేలా ఉన్నాయని రెండేళ్లపాటు ఇద్దరికీ తట్టలేదు.

ఆ రోజు పార్కు చివరి మలుపులో పైపుల కోసం ఎవరో కందకం తవ్వి పోయారు. చుట్టూ తాడైనా కట్టలేదు. చూసిన వెంటనే ఆగు అని అరిచానంటుంది ఆమె. సాగు అన్నట్టే వినపడిందంటాడు తమ్ముడు. అతను ఆగలేదు. ఆమె అడ్డంగా దూకి అతన్ని గడ్డిలోకి తోసింది. అతనికి చిన్న గీతైనా పడలేదు. ఆమె కుడికాలు కందకంలో మెలితిరిగింది.

"నేనే సరిగ్గా విన్లేదక్కా" అన్నాడు తమ్ముడు ఆటోలో, ఆమె కాలు ఒళ్లో పెట్టుకుని.

"పోనీలేరా. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అంది ఆమె, పళ్లు బిగించుకుని.

ఆ మాట ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు అందో లెక్కలేదు. పెద్ద మనసుతోనే అంది. వీధిలోవాళ్లు కూడా, తమ్ముణ్ణి కాపాడబోయి కాలి మీదికి తెచ్చుకుందని ఆమెను మెచ్చుకున్నారు. ఆ మెప్పు చెవికి ఇంపుగానే ఉందని ఒప్పుకోవాలి. మనిషన్నాక ఉంటుంది.

కాలికి వ్యాయామం నేర్పడానికి ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి కుదిరింది. టైలరక్కకి కూతురయ్యే వయసే గాని, మాట మాత్రం హెడ్మాస్టరుది.

"చేయలేనివి నాకు చెప్పకండి ఆంటీ, అవి నాకు తెలుసు. రోజూ చేయగలిగింది ఒకటి రాసి పెట్టండి" అంది.

టైలరక్క గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో, కొలతల అద్దం మీదే రాసింది. కుర్చీలో కూర్చుని మడమలు ఎత్తడం, ఇరవైసార్లు. ఎడమకాలొక్కదానితో మిషన్ తొక్కి రెండు ప్యాంట్ల అంచులు. రెండు చేతులతో రెండు నీళ్ల సీసాలు ఎత్తడం. ఐదో వారంలో అమ్మాయి మిషన్ వైపు చూసి, సూదికి దారం తీసేసి, దెబ్బ తగిలిన కాలితో రోజూ పది నిమిషాలు మెల్లగా తొక్కమంది. చీలమండకి అంతకన్నా మంచి కసరత్తు లేదట. బట్టలు తీసుకోవడానికొచ్చిన మందుల షాపాయన, గుడ్డా లేకుండా దారమూ లేకుండా మిషన్ కుడుతున్న అక్కను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అక్కా, కాలికేనా తగిలింది?" అన్నాడు మెల్లగా.

ఆమె కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ రోజు అద్దం మీద ఆ నవ్వే రాసింది.

వంట భర్త చేతికి పోయింది. అతను ఒక పూట ఉప్పు మరిచిపోతే రెండో పూట రెండుసార్లు వేసేవాడు. "రోజు మొత్తానికి లెక్క సరిపోయిందిగా" అనేవాడు. ఆమె తిని ఊరుకుంది, అదీ ఒక వ్యాయామమే అనుకుని. నిజంగానే ఆమె కోలుకుంటోంది. ఏడో వారానికి చేతికర్ర సాయంతో వీధి చివరిదాకా వెళ్లొచ్చింది. ఎనిమిదో వారానికి ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకుంది.

తమ్ముడు మాత్రం రోజురోజుకీ వెనక్కి పోతున్నాడు. పరుగు సంగతి సరే. దుకాణం ముందు రోడ్డు ఇన్నేళ్లుగా బళ్ల చప్పుడు విని ఒక్కడే దాటేవాడు, ఇప్పుడు అంచున నిలబడి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకునేదాకా కదలడం లేదు. ఆఫీసులో ఫోన్ చేసినవాళ్లను ప్రతి మాటా మళ్లీ చెప్పమంటున్నాడని, పైవాళ్లు ఒకసారి మందలించారని తెలిసింది. చెవి డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లొచ్చాడు. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు.

"వాళ్ల గదిలో బాగానే వినపడుతుంది. రోడ్డు మీద కదా నాకు కావాల్సింది" అన్నాడు. "రెండేళ్ల నుంచి రోజూ వినే మాటే తప్పు విన్నానక్కా. ఇక ఏ మాట నమ్మను?"

"పోనీలేరా, పొరపాటు..." అంది ఆమె. అతను మొహం తిప్పుకున్నాడు.

వాడు మళ్లీ గదిలో కూలబడిపోతాడన్న భయం ఆమెకి నిద్రలోనూ పోలేదు. తను పరుగెత్తేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. అందుకని మందుల షాపాయన్ని అడిగింది. అతనూ పొద్దున్నే పరుగెత్తేవాడే, మంచివాడు, కాస్త వాగుడుకాయ. దారి చెప్పేవాడికి ఆ గుణం పనికొస్తుంది కూడా. ముందు అతనికి మాటలు నేర్పాలి. దారి చెప్పడం తెలియాలంటే ముందు చెప్పించుకుని చూడాలి కదా అని, తొమ్మిదో వారంలో ఒక ఆదివారం పొద్దున పార్కులో అతని కళ్లకు గుడ్డ కట్టింది. నాడా తగిలించుకుని, చేతికర్రతో పక్కనే మెల్లగా నడుస్తూ చెప్పింది.

"ఎడమ. గతుకు. సాగు. సాగు. కుడి."

ఎదురుగా సిమెంటు బెంచీ వచ్చింది. ఆమె గట్టిగా హెచ్చరించింది. మందుల షాపాయన చక్కగా నడుచుకుంటూ పోయి బెంచీకి మోకాలు కొట్టుకున్నాడు.

"ఆగమంటే ఆగవేంటయ్యా?" అంది ఆమె.

అతను మోకాలు రుద్దుకుంటూ గుడ్డ విప్పాడు. "ఆగమన్లేదక్కా మీరు. సాగు అన్నారు."

"ఆగు అన్నాను."

"సాగు అనే అన్నారు. అందుకేగా ధైర్యంగా పోయాను" అన్నాడు అతను నవ్వుతూనే. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

ఆమె ఆ బెంచీ మీదే కూర్చుంది. తన నోరు ఇప్పుడే ఏం పలికిందో తనకే గుర్తు లేదు. బుర్రలో ఉన్నది ఆగు. కంగారులో నోటికొచ్చింది, రోజుకి నూరుసార్లు అలవాటైన మాట. మరి ఆ రోజు కందకం దగ్గర? ఎంత తవ్వుకున్నా ఆగు అన్న శబ్దం ఆమెకి జ్ఞాపకం రాలేదు. అరిచినట్టు జ్ఞాపకం ఉంది, అంతే. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ సామెత చెప్పినవాడికి రెండూ ఒకేసారి జారతాయని తెలియదు.

ఇంటికి వెళ్లే దారిలో ఆమెకి ఇంకో సామెత కూడా తోడొచ్చింది. ఊరుకున్నంత ఉత్తమం లేదు. చూసినవాళ్లెవరూ లేరు. కందకం దగ్గర ఎవరు ఏమన్నదీ మందుల షాపాయనకి తెలియదు. పైగా ఇప్పుడు చెబితే అక్క మాట మీద కూడా వాడికి నమ్మకం పోతుంది. ఇలాంటివి నాలుగు కారణాలు ఆలోచించేసరికి ఇల్లు వచ్చింది. ఆ నాలుగింటికీ వెనకున్న అసలు కారణం సిగ్గేనని ఆమెకి తెలుసు. తప్పు తనది పెట్టుకుని, తొమ్మిది వారాలుగా వాణ్ణి పెద్ద మనసుతో క్షమిస్తూ వచ్చింది.

తమ్ముడు దుకాణంలోనే ఉన్నాడు, గుండీల డబ్బా ముందు పెట్టుకుని చేత్తో తడిమి సైజుల వారీగా వేరు చేస్తున్నాడు. ఆమె నిలబడే చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనేమోనని.

"ఒరే, ఆ రోజు నేను సాగు అనే అన్నాన్రా."

అతని చేతులు ఆగిపోయాయి.

"ఇవాళ ఆయన్ని కూడా అలాగే బెంచీకి కొట్టించాను. ఆగు అనుకుని సాగు అంటున్నాను. నువ్వు విన్నది సరిగ్గానే విన్నావు. తప్పు నా నోటిది."

"ఇంకోసారి చెప్పు" అన్నాడు తమ్ముడు.

"నువ్వు సరిగ్గానే విన్నావురా."

ఏడుస్తాడేమో అనుకుంది. అతని మొహం ఎర్రబడింది.

"తొమ్మిది వారాలు" అన్నాడు. "తొమ్మిది వారాలు నా చెవుల్ని నేనే నమ్మలేదు. అయినవాళ్లు ఫోన్ చేస్తే కూడా, వాళ్లేనా అని అడిగాను. కళ్లు పోయాయి, సర్దుకున్నాను. ఇవీ పోతున్నాయనుకున్నానక్కా. నువ్వేమో రోజూ పొరపాటు ఎవరికైనా జరుగుతుందిలే, పోనీలే అనేదానివి."

"తెలియక అన్నాన్రా. క్షమించు" అంది ఆమె. తిట్టరా, నాలుగు తిట్టు అని కూడా అందామనుకుంది గాని, అప్పటికే అతను లేచాడు. తన తెల్లకర్ర అందుకుని, ఆమెను దాటుకుని గుమ్మం దిగాడు.

ఆమె కుంటుకుంటూ గుమ్మందాకా వచ్చింది. తమ్ముడు రోడ్డు అంచున ఆగి, తల కాస్త పక్కకి వంచి నిలబడ్డాడు. ఒక లారీ పోయింది. రెండు బైకులు పోయాయి. తర్వాత రోడ్డు ఖాళీ అయింది. ఆమె నోరు తెరుచుకుంది. రెండేళ్ల అలవాటు, ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది. ఆమె అరచేత్తో నోరు గట్టిగా మూసుకుంది. బళ్ల మధ్య ఈ సందు పోతుంది, అడుగెయ్యరా, అడుగెయ్యి అని లోపల కొట్టుకుంటోంది, చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆ సందు పోయింది. ఒక కారు వచ్చింది, వెళ్లింది. అప్పుడు అతను అడుగు వేశాడు. తొందరపడలేదు, తడబడలేదు. కర్ర అవతలి మెట్టుకి తగిలి టక్కుమంది. ఎక్కి, దుకాణం వైపు తిరిగాడు. మొహంలో కోపం ఇంకా అలాగే ఉంది.

"అక్కా" అని కేకేశాడు. "అక్కడే ఉన్నావని తెలుసు, నీ ఊపిరి వినపడుతోంది. రేపు పొద్దున ఆయన్ని పార్కుకి రమ్మను. నువ్వు కర్ర పట్టుకుని మా వెనకాల నడుచుకుంటూ రా. నోరు మాత్రం తెరవకు."

ఆమె తల ఊపింది. అతనికి కనపడదని గుర్తొచ్చి, చెయ్యి తీసి, "సరేరా" అంది.