ఆదివారపు గుహ

వారమంతా ల్యాబ్‌లో రక్తం తీసే ఆమె, ఆదివారం మధ్యాహ్నాలు చెల్లెలికీ, మరిదికీ, ఇద్దరు స్నేహితులకూ పాచికలాటలో ఒక మాయా రాజ్యాన్ని నడిపిస్తుంది. ఆమె కథ చెబుతుంటే, వాళ్లు తలో పాత్ర ఎంచుకుని, పాచికలు వేసి ముందుకు సాగుతారు. పటాలు తనే గీస్తుంది. కథలో చచ్చిపోయే సైనికుడికి కూడా ఓ తల్లిని ఊహించి పెడుతుంది. కోపమొస్తే మాట్లాడదు, పెన్సిల్ చెక్కుతుంది. ఆ రోజు కథలో, గుహలో రాణి ప్రాణాలు విడుస్తుంటే మరిది ఫోన్ చూసి పకపకా నవ్వాడు. ఆమె చేతిలో పెన్సిల్ విరిగింది.

“ఉత్త ఆటేగా వదినా, ఎందుకంత ఉడుక్కుంటావ్?”

“ఆటే! వారమంతా దీని కోసమే చచ్చాను. లే, బయటికి నడు!”

అతను మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆమె పటాన్ని చరచరా మడిచేస్తుంటే చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టింది.

“నా మంత్రగత్తె ఇంకా గుహలోనే ఉందక్కా. దాన్ని బయటపడేసి, అప్పుడు తిట్టుకో.”

ఆమె పటాన్ని మళ్లీ విప్పి బల్లమీద విసిరికొట్టింది.

“గుహలో డ్రాగన్ నిద్ర లేచింది,” అంది పళ్లు బిగించి.

స్నేహితులిద్దరూ గబగబా పాచికలు అందుకున్నారు.