మద్దేడు దారిలో పంక్చరు

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే నేను నవ్వి ఊరుకునేవాణ్ని. మా భోపాల్‌పట్నం వైపు ప్రతి వాగుకీ, ప్రతి మలుపుకీ ఒక కథ చెప్పేవాళ్లు. నేను మెకానిక్‌ని. బండిలో వింత చప్పుడు వస్తే ఎక్కడో ఒక నట్టు వదులైందని నమ్మే మనిషిని. ఇప్పటికీ అలాగే నమ్ముతాను. ఈ ఒక్క సంగతిలో మాత్రం వదులైన నట్టు ఏదో నాకు దొరకలేదు.

అప్పటికి బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానమే. పెద్ద యుద్ధం అయిపోయింది. నేను వరంగల్లులో సైకిల్ షాపులో పని నేర్చుకుని, ఒక కలప కాంట్రాక్టరు దగ్గర కుదిరి, గోదావరి దాటి భోపాల్‌పట్నం వచ్చాను. మిలిటరీ వాళ్లు వేలం వేసిన ఒక పాత మోటారు సైకిల్‌ని ఆయన తెప్పించాడు. దాన్ని నడపడం అక్కడ ఇంకెవరికీ రాదు. డిపో నుంచి అడవిలో చెట్లు కొట్టే క్యాంపులకు కబుర్లు, మందులు, రంపాలు చేరవేయడం నా పని.

రోడ్డంటే ఎడ్ల బండ్ల దారే. తుమ్మ ముళ్లు, వెదురు పేళ్లు, ఎడ్ల గిట్టల నాడాల నుంచి ఊడిన మేకులు. వారానికి రెండు మూడు పంక్చర్లు మామూలు. టైరు ఊడదీసే రెండు ఇనుప బద్దలు, గాలి పంపు, గరుకు రేకు, రబ్బరు ముక్కలు, సొల్యూషన్ గొట్టం గోనె సంచిలో ఎప్పుడూ నాతోనే ఉండేవి.

అక్కడే నాకు పెళ్లయింది. నా భార్య పేరు బుచ్చమ్మ. ఇంద్రావతి ఒడ్డు పల్లెలో పుట్టిన పిల్ల. తెలుగు, గోండి, హల్బీ మూడూ ఒకే గుక్కలో మాట్లాడేది. బండి అంటే మొదట భయపడింది. నెల తిరక్కుండానే ఇంటి ముందు నేను ట్యూబు విప్పితే పక్కన వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. చిల్లు వెతకడంలో నన్ను మించిపోయింది.

నేను ట్యూబును చెవి దగ్గర పెట్టుకుని బుస్సుమనే చప్పుడు కోసం వెతికేవాణ్ని. ఆమె కళ్లు మూసుకుని, ట్యూబును కంటి రెప్పకు దగ్గరగా మెల్లగా తిప్పేది.

"చెవి మోసం జేస్తది. రెప్పకు ఎంత సన్న గాలైనా తెలుస్తది" అనేది.

దొరకగానే, చిల్లు మళ్లీ మాయం కాకుండా, తన కంటి కాటుక వేలికి రాసుకుని దాని చుట్టూ చిన్న సున్నా చుట్టేది. సుద్దముక్క ఇస్తానన్నా తీసుకునేది కాదు. ఆముదం దీపం మసితో ఇంట్లో చేసుకునే కాటుక అది. నా ట్యూబులన్నిటి మీదా ఆ సున్నాలు ఉండేవి. ఆ రెండేళ్లలో పంక్చరైందంటే నాకు విసుగు వచ్చేది కాదు.

రెండో ఏడు వానల చివర ఆమెకు చలిజ్వరం వచ్చింది. మూడో రోజుకు మనిషిని గుర్తుపట్టడం మానేసింది. క్వినైన్ కోసం నేను బీజాపూర్ దవాఖానకు వెళ్లాను. మాత్రలు దొరికాయి. తిరిగి వస్తుంటే మద్దేడు దాటాక వెనక టైరులో మేకు దిగింది. సంచి విప్పి చూస్తే సొల్యూషన్ గొట్టం మూత సరిగా పెట్టక, లోపల అంతా ఎండి గట్టిపడిపోయింది. మూత పెట్టింది నేనే.

టైరు నిండా ఎండుగడ్డి కుక్కి, కొంత దూరం నడిపి, కొంత దూరం తోసుకుంటూ వచ్చాను. ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. బుచ్చమ్మ మధ్యాహ్నమే పోయింది.

మా అత్త, బుచ్చమ్మ తల్లి, గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను తిట్టలేదు.

"నీ బండి సప్పుడు ఇనబడ్తున్నది అనుకుంటనే ఉన్నది బిడ్డా. వస్తుండు, వస్తుండు అనుకుంటనే పోయింది" అంది.

ఆ మాట తర్వాత నేను చాలా రోజులు బండి ముట్టుకోలేదు. కానీ పని పనే. మళ్లీ ఎక్కాను. ఆమె పోయిన రెండు నెలలకు పాత ట్యూబులు రెండూ అతుకుల మీద అతుకులతో పాడైపోతే కాంట్రాక్టరు వరంగల్లు నుంచి కొత్తవి తెప్పించాడు. ఈ విషయం నేను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ కొత్త ట్యూబులను బుచ్చమ్మ ఎన్నడూ చూడలేదు.

మరుసటి ఎండాకాలం మద్దేడు అవతలి క్యాంపు నుంచి కబురు వచ్చింది. అక్కడి మేస్త్రీ పోచయ్య భార్య ఈరమ్మకు చలిజ్వరం, ఒళ్లు తెలియడం లేదు అని. బుచ్చమ్మ పోయాక డిపోలో తెప్పించి పెట్టిన క్వినైన్ సీసా తీసుకుని అప్పటికప్పుడు బయలుదేరాను. సొల్యూషన్ గొట్టం మూత మూడుసార్లు చూసుకున్నాను.

మద్దేడు ఇంకా మూడు నాలుగు మైళ్లుందనగా వెనక చక్రం మెత్తబడింది. గాలి కొట్టాను. అరమైలు వెళ్లాక మళ్లీ తగ్గింది. మళ్లీ కొట్టాను. ఈసారి ఫర్లాంగు కూడా రాలేదు. ఇక లాభం లేదని ఒక ఎండిన వాగు పక్కన, టేకు చెట్ల కింద ఆపి, చక్రం విప్పాను. అప్పటికి మధ్యాహ్నం దాటింది. ఆకులన్నీ రాలిపోయి నీడ కూడా సరిగా లేదు.

టైరు లోపలంతా వేలితో తడిమాను. ముల్లు తగల్లేదు. ట్యూబుకు గాలి నింపి చెవి దగ్గర పెట్టుకున్నాను. గాలికి ఎండుటాకుల గలగల తప్ప ఏమీ వినపడలేదు. తాగడానికి తెచ్చుకున్న నీళ్లు కొంచెం కొంచెం పోసి చూశాను. ఆ వేడికి పోసినవి పోసినట్టే ఆరిపోయాయి. సొరకాయ బుర్రలో నీళ్లు అయిపోయాయి.

అప్పుడు కళ్లు మూసుకుని ట్యూబును రెప్పల దగ్గర పెట్టుకున్నాను. ఆమె పోయాక అలా చేయడం అదే మొదటిసారి. నాకేమీ తెలియలేదు. నా రెప్పలు తడిసిపోయి ఉన్నాయి. చెమటా, ఇంకేమన్నానా అని అడిగితే ఇప్పుడు చెప్పడానికి సిగ్గు లేదు. అక్కడ పోచయ్య గుమ్మంలో కూర్చుని నా బండి చప్పుడు కోసం చూస్తుంటాడన్న ఆలోచన నన్ను నిలవనివ్వలేదు.

"యాడున్నదే బుచ్చమ్మా" అన్నాను పైకే.

ట్యూబును గోనె సంచి మీద పెట్టి, చెలమ తవ్వితే నీళ్లు పడతాయేమోనని వాగులోకి దిగాను. అరవై డెబ్బై అడుగుల దూరం. మోచేతి లోతు ఇసుక తోడాను. తడి కూడా లేదు. ఎంతసేపు పట్టిందంటే, ఒక బీడీ కాల్చేంతసేపు అనుకోండి. వాగు గట్టు అడ్డం కాబట్టి అంతసేపూ బండి నాకు కనిపించలేదు. కానీ ఎండుటాకుల మీద ఎవరు నడిచినా నాకు వినపడేది.

తిరిగి వచ్చి చూస్తే ట్యూబు మీద నల్లటి సున్నా ఉంది.

చిన్నది, వేలి గోరు కంటే కొంచెం పెద్దది. దాని మధ్యలో చూపు పెట్టి చూస్తే సన్నని చిల్లు. ఉమ్మి రాస్తే బుడగ లేచింది.

నేను నిలబడి చుట్టూ చూశాను. దారి దుమ్ములో నా బూట్ల గుర్తులు, నా చక్రాల గుర్తులు. వేరే ఏమీ లేవు. ఎవరన్నా ఉన్నారా అని తెలుగులోనూ, గోండిలోనూ పిలిచాను. బదులు రాలేదు. భయం వేసిందా అంటే, లేదు. ట్యూబు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వాసన చూశాను. ఆముదం కాటుక వాసన. ఆ వాసన పోతుందేమోనని కాసేపు ముట్టుకోలేదు. తర్వాత ఈరమ్మ గుర్తొచ్చింది.

సున్నా చెరిగిపోకుండా లోపలి వరకే గరుకు రేకుతో రుద్దాను. సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, చిన్న రబ్బరు ముక్క కత్తిరించి అంటించాను. నా జీవితంలో అంత చిన్న ప్యాచ్ ఎప్పుడూ వేయలేదు. పట్టదనే అనుకున్నాను. పట్టింది.

క్యాంపు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. ఈరమ్మ పళ్లు గిట్టకరుచుకుని ఉంది. పోచయ్య చెంచాతో నోరు తెరిచి, నూరిన మాత్ర నీళ్లలో కలిపి పోశాడు. మర్నాడు తెల్లవారాక ఆమె కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది.

ఆ పొద్దున నేను ఉండబట్టలేక చక్రం మళ్లీ విప్పాను. పోచయ్య పక్కనే నిలబడ్డాడు. ప్యాచ్ చుట్టూ నల్లటి అంచు అలాగే ఉంది.

"ఇదేంది?" అన్నాడు. వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కాటుకే గదా. ఎవరు పెట్టిండ్రు?"

"తెల్వది" అన్నాను.

అతనికి బుచ్చమ్మ సంగతి తెలుసు గానీ కాటుక సంగతి తెలియదు. నేనూ చెప్పలేదు.

భోపాల్‌పట్నం వచ్చాక ఒక్క మా అత్తకు చెప్పాను. ట్యూబు చూపించాను. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ నల్ల గీత మీద వేలు ఆనించకుండా, పైపైనే తిప్పుతూ చాలాసేపు కూర్చుంది.

"దీన్ని మళ్ల చక్రంల బెట్టకు అయ్యా" అంది.

పెట్టక తప్పలేదు. నా దగ్గర ఉన్నవి రెండు చక్రాలకు రెండు ట్యూబులే. టైరు వేడికి, రాపిడికి నెల రోజుల్లో ఆ గుర్తు పూర్తిగా పోయింది.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. ఎండ దెబ్బకు మతి తప్పి, గొలుసు గ్రీజుతో నేనే గీసి మరిచిపోయానా? కావచ్చు. కానీ నా చెవికి, నా నీటికి, నా రెప్పకు దొరకని చిల్లు నా మతి లేని వేలికి ఎలా దొరికింది? గ్రీజు అయితే పోచయ్యకు కాటుక వాసన ఎందుకు వచ్చింది? అడవిలో గోండు స్త్రీ ఎవరైనా వచ్చి సాయం చేసి, సిగ్గుపడి వెళ్లిపోయిందా? దుమ్ములో అడుగులు ఏవి? ఇక్కడి దాకా వచ్చి ఆగిపోతాను. ఇన్నేళ్లూ ఇక్కడే ఆగాను.

ఆ తర్వాత ఆ బండి మీద ఇంకా నాలుగేళ్లు తిరిగాను. సంస్థానం పోయింది, కాంట్రాక్టరు మారాడు. ఒక మాట ఒప్పుకోవాలి. ఆ నాలుగేళ్లలో మంచి దారి ఉన్నప్పుడు కూడా తుమ్మలున్న దారినే పోయిన రోజులు ఉన్నాయి. చక్రం మెత్తబడితే నా గుండె తేలికయ్యేది.

ప్రతిసారీ ట్యూబు విప్పి, గాలి నింపి, గోనె సంచి మీద పెట్టి, దానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ని. ఆకుల చప్పుడు వినేవాణ్ని. ఇక చాలు అనిపించేదాకా ఆగి, అప్పుడు తిరిగి చూసేవాణ్ని. ట్యూబు మీద దుమ్ము తప్ప ఏమీ ఉండేది కాదు. లేచి, నీళ్లు వెతుక్కుని, చిల్లు నేనే పట్టుకునేవాణ్ని.